వాక్యాన్ని బొమ్మగా గీసి చూడమ్మా

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంగ్లిష్ పేపర్లో ఫిగర్స్ ఆఫ్ స్పీచ్, అంటే అలంకారాల మీద పది మార్కులు ఉంటాయి. సిమిలీ నుంచి సినెక్డకీ దాకా నిర్వచనాలన్నీ కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ వాక్యం ఇచ్చి అందులో ఏముందో గుర్తించమంటే మాత్రం చేతులెత్తేస్తున్నాను. మొన్న టెస్టులో మూడు తప్పులు రాశాను. ‘షి లుక్స్ లైక్ హర్ సిస్టర్’ అన్నదానికి, లైక్ ఉంది కదా అని సిమిలీ అన్నాను. అందులో అలంకారమే లేదన్నారు. ‘ద విండ్ విస్పర్డ్ ఇన్ ద ట్రీస్’కి మెటఫర్ అని రాస్తే పర్సానిఫికేషన్ అన్నారు. ‘ఆల్ హ్యాండ్స్ ఆన్ డెక్’కి మెటానమీ అని రాస్తే సినెక్డకీ అన్నారు. పరీక్ష ఇంకో నెలే ఉంది. టెన్షన్‌లో వచ్చిన నిర్వచనాలు కూడా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. ఏదైనా దారి చెప్పండి.
– ఒక డిగ్రీ విద్యార్థిని

సమాధానం:

అమ్మా, నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఆ మూడు తప్పుల్నీ విడివిడిగా రాసి పంపడం. ఆ మూడూ మూడు రకాల తప్పులు. వాటిని సరిగ్గా అర్థం చేసుకుంటే సగం సిలబస్ అయిపోయినట్టే. నీకు తెలివి తక్కువ కాదు, చదువు తక్కువ కాదు. నువ్వు పేరు దగ్గర మొదలుపెట్టి వాక్యం దగ్గరికి వస్తున్నావు. వాక్యం దగ్గర మొదలుపెట్టాలి. పేరు చివర్న దానంతటదే వస్తుంది.

నా క్లాసులో మొదటిరోజు నిర్వచనాలు చెప్పను. అందరినీ కాగితం, పెన్సిల్ తీయమంటాను. బోర్డు మీద ఒక వాక్యం రాసి, అది చెప్పింది చెప్పినట్టు బొమ్మ గీయమంటాను. నువ్వు తప్పు రాసిన ఈ ‘ఆల్ హ్యాండ్స్ ఆన్ డెక్’నే ఒకసారి ఇచ్చాను. ఓడ మీద పనివాళ్లందరూ పైకి రావాలి అని దాని భావం. ఒక కుర్రాడు ఓడ గీశాడు. దాని పైభాగం నిండా మోచేతి వరకు తెగిన చేతులు నిలబెట్టాడు. మనుషుల్లేరు, ఉత్త చేతులే. క్లాసంతా ఆ బొమ్మ చుట్టూ మూగింది. నేను అడిగింది ఒక్కటే: “ఇందులో ఏం తప్పింది?” “మనుషులు రావాల్సిన చోట చేతులు వచ్చాయి” అన్నాడు. సినెక్డకీ అనే మాట అప్పటికి వాడికి తెలియదు. కానీ సినెక్డకీ అంటే ఏమిటో వాడు చెప్పేశాడు.

నేను చెప్పే పద్ధతి ఇదే. వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టుగా నమ్మి, మనసులో బొమ్మ గీయి. బొమ్మ సాఫీగా వస్తే సరే. ఎక్కడో ఒకచోట గీయలేక చెయ్యి ఆగిపోతుంది చూడు, అలంకారం అక్కడే ఉంది. ఎందుకు ఆగిందో నీ మాటల్లో, తెలుగులో చెప్పుకో. ఆ కారణాన్ని బట్టే దాని పేరు.

ఇప్పుడు నీ మొదటి తప్పుకొద్దాం. ‘షి లుక్స్ లైక్ హర్ సిస్టర్.’ బొమ్మ గీయి. ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒకే పోలిక. చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఉన్న విషయాన్నే చెప్పారు కాబట్టి అలంకారం లేదు. సిమిలీ కావాలంటే పోల్చే రెండూ వేర్వేరు జాతులవి కావాలి. ముసలాయన అరచేతుల్ని చెట్టు బెరడుతో పోల్చి ‘హిజ్ హ్యాండ్స్ వర్ యాజ్ రఫ్ యాజ్ బార్క్’ అన్నామనుకో, అది సిమిలీ. చెయ్యెక్కడ, బెరడెక్కడ! రెంటినీ కలిపింది గరుకుతనం ఒక్కటే.

దీన్ని నువ్వు తెలుగులో ఎప్పుడో నేర్చుకున్నావు. హైస్కూల్లో ఉపమాలంకారం చెప్పినప్పుడు నాలుగు భాగాలు రాయించి ఉంటారు: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. పై వాక్యంలో చేతులు ఉపమేయం, బెరడు ఉపమానం, గరుకుతనం సమానధర్మం, ‘యాజ్... యాజ్’ ఉపమావాచకం. ఇంగ్లిష్ విమర్శలో ఉపమేయాన్ని టెనర్ అనీ ఉపమానాన్ని వెహికిల్ అనీ అంటారు. ఐ.ఎ. రిచర్డ్స్ అనే విమర్శకుడు 1936లో వచ్చిన తన పుస్తకంలో పెట్టిన పేర్లవి. మన అలంకారశాస్త్రంలో ఈ విభజన అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచే ఉంది. ఇంగ్లిష్ పేపర్ రాసేటప్పుడు తెలుగు మాస్టారు చెప్పినదాన్ని పక్కన పెట్టేయాలని చాలామంది పిల్లలు అనుకుంటారు. నాకు అది నిజంగా బాధగా ఉంటుంది. నీ చేతిలో ఉన్న మంచి పనిముట్టు అది, వాడుకో.

నువ్వు చేసిన పని ఏమిటంటే ఉపమావాచకం ఒక్కటి కనపడగానే మిగతా మూడూ ఉన్నాయనుకున్నావు. లైక్, యాజ్ అనేవి ఇంగ్లిష్‌లో చాలా పనులు చేస్తాయి. ‘ఐ లైక్ మ్యూజిక్’లో లైక్ క్రియ. ‘హి వర్క్స్ యాజ్ ఎ క్లర్క్’లో యాజ్ ఉద్యోగాన్ని చెప్తోంది. ‘యాజ్ ఐ వాజ్ లీవింగ్’లో సమయాన్ని చెప్తోంది. వీటిలో ఎక్కడా పోలిక లేదు. ఇంకో చిన్న సంగతి. ‘యాజ్ ఇఫ్’, ‘యాజ్ దో’ వచ్చినచోట మనకి, ఒకదాన్ని ఇంకొకటేమో అని ఊహించే ఉత్ప్రేక్ష గుర్తుకొస్తుంది. ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాల జాబితాలో దానికి వేరే పేరు ఉండదు, మామూలుగా దాన్నీ సిమిలీలోనే వేస్తారు. పరీక్షలో నువ్వూ అలాగే రాయి.

సిమిలీ నుంచి మెటఫర్‌కి ఒక్క అడుగే. అరిస్టాటిల్ రెండు వేల మూడు వందల ఏళ్ల కిందటే ఈ తేడా చూపించాడు. అకిలీస్ అనే వీరుణ్ని గురించి ‘సింహంలా దూకాడు’ అంటే సిమిలీ. ‘ఆ సింహం దూకింది’ అంటే మెటఫర్. రెండింటికీ తేడా కొద్దిపాటిదే అని కూడా ఆయనే అన్నాడు. మనకి ఉపమ, రూపకం ఎలాగో ఇవీ అలాగే.

మెటఫర్ దగ్గర విద్యార్థులు బోల్తా పడేది వేరే చోట. ‘ఇది అది’ అన్నట్టుగా రెండు నామవాచకాలు పక్కపక్కన ఉంటేనే మెటఫర్ అనుకుంటారు. ‘లైఫ్ ఈజ్ ఎ జర్నీ’ అంటే టక్కున పట్టేస్తారు. ‘హర్ వాయిస్ కట్ త్రూ ద నాయిస్’ అంటే ఏమీ లేదని వదిలేస్తారు. బొమ్మ గీసి చూడు. గొంతు గోలని కోసుకుంటూ పోయింది. కొయ్యడానికి కత్తేది? వాక్యంలో కత్తి అన్న మాటే లేదు. ‘కట్’ అనే క్రియలో దాక్కుని ఉంది. ‘షి షాట్ డౌన్ మై ఐడియా’లో తుపాకీ కూడా అలాగే దాక్కుంది. మనం రోజూ ‘మనసు విరిగిపోయింది’ అంటాం. మనసు విరగడానికి అదేం కర్ర కాదు కదా! అందుకే వాక్యం చదవగానే నామవాచకాల్ని చూసి ఊరుకోకు. క్రియని పట్టుకుని “ఈ పని మామూలుగా ఎవరు చేస్తారు, దేనికి జరుగుతుంది” అని అడుగు.

ఆ ప్రశ్నే నీ రెండో తప్పుని సరిచేస్తుంది. ‘ద విండ్ విస్పర్డ్ ఇన్ ద ట్రీస్.’ గుసగుసలాడటం ఎవరి పని? మనిషిది. మనిషి చేసే పనిని గాలికి ఇచ్చారు కాబట్టి పర్సానిఫికేషన్. నువ్వు మెటఫర్ అనడం పూర్తిగా తప్పేం కాదమ్మా, ఆ సంగతి నీకు తెలియాలి. పర్సానిఫికేషన్ కూడా మెటఫర్ లాంటిదే. ఉపమానం స్థానంలో మనిషి వచ్చి కూర్చుంటే దానికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టారంతే. ప్రత్యేకమైన పేరు ఉన్నప్పుడు పరీక్షలో ఆ పేరే రాయాలి. అదే ‘ద విండ్ హౌల్డ్’ అన్నారనుకో, ఊళ పెట్టేది తోడేలు, కుక్క. మనిషి పని కాదు. చాలా గైడ్లలో దీన్నీ పర్సానిఫికేషన్ అనే ఇస్తారు. నన్నడిగితే మెటఫర్ అనడమే సరైనది. పరీక్షలో మెటఫర్ అని రాసి ఊరుకోకుండా “గాలిని ఊళ పెట్టే జంతువుగా ఊహించారు” అని ఒక్క ముక్క చేర్చు. కారణం రాసినవాళ్లకి మార్కు తీసేయడం దిద్దేవాళ్లకి అంత సులువు కాదు.

‘ద సన్ రోజ్’ అంటే సూర్యుడు మనిషిలా లేచాడని రాసేవాళ్లుంటారు. అది అలంకారంగా రాసిన మాట కాదు, ఇంగ్లిష్ వాళ్లు సూర్యోదయాన్ని చెప్పే తీరే అది. ‘ద లెగ్స్ ఆఫ్ ద టేబుల్’ కూడా అంతే. వాడి వాడి అరిగిపోయిన మెటఫర్ అది, బల్ల కాళ్లంటే ఎవరికీ మనిషి కాళ్లు గుర్తుకురావు. ఇలాంటివాటిని డెడ్ మెటఫర్ అంటారు. ఇక్కడ మనకొక లాభం ఉంది. సూదికి వాళ్లు ‘ఐ’ అంటారు, కన్ను. మనకి సూదికి ఉండేది బెజ్జం. వాళ్ల కంటికి ఆనని బొమ్మ మనకి కొత్తగా కనిపిస్తుంది. ఇంగ్లిష్ మన ఇంటి భాష కాదని నువ్వు దిగులు పడుతుంటావేమో, ఈ ఒక్క విషయంలో మాత్రం బయటివాళ్లు కావడమే మనకి మేలు.

ఇక మూడోది, అందరినీ ఏడిపించే జంట: మెటానమీ, సినెక్డకీ. రెండింటిలోనూ ఒకదాని పేరు చెప్పి ఇంకొకదాన్ని ఉద్దేశిస్తారు. పోలిక ఉండదు, సంబంధం ఉంటుంది. ఆ సంబంధం ఎలాంటిదన్నదే ప్రశ్న. చెయ్యి పనివాడి శరీరంలో భాగం. భాగం పేరుతో మొత్తాన్ని పిలిస్తే సినెక్డకీ. రాజుని ‘ద క్రౌన్’ అన్నామనుకో, కిరీటం రాజు శరీరంలో భాగం కాదు. తీసి పక్కన పెడితే ఆయన ఒంట్లో ఏ లోటూ రాదు. ఆయనకి సంబంధించిన వస్తువు మాత్రమే. అది మెటానమీ. ‘ద కెటిల్ ఈజ్ బాయిలింగ్’ అంటారు. నిజంగా బొమ్మ గీస్తే పాత్ర లోహమే కరిగి బుడగలు రావాలి. మరిగేది లోపలి నీళ్లు. పాత్ర పేరు చెప్పి అందులో ఉన్నదాన్ని ఉద్దేశించారు, అదీ మెటానమీయే. మనం ‘ఊరంతా కదిలొచ్చింది’ అన్నప్పుడు కదిలేది ఇళ్లూ వీధులూ కావు, అక్కడ ఉండే జనం.

‘ద పెన్ ఈజ్ మైటియర్ దాన్ ద స్వోర్డ్’ అన్న మాట నువ్వు వినే ఉంటావు. ఎడ్వర్డ్ బుల్వర్ లిటన్ అనే రచయిత 1839లో రాసిన నాటకంలోది. కలం అంటే రాత, కత్తి అంటే యుద్ధం. పనిముట్టు పేరు చెప్పి దాంతో జరిగే పనిని చెప్పారు, మెటానమీ. ఇప్పుడు కాస్త జాగ్రత్తగా చూడు. ‘మదర్ టంగ్’లో టంగ్ ఏమిటి? నాలుక శరీరంలో భాగమే కదా అని సినెక్డకీ అని రాయబోతావు. ఆగు. ఇక్కడ నాలుక ఎవర్ని ఉద్దేశిస్తోంది? మనిషిని కాదు, భాషని. నాలుక భాషలో భాగమా? కాదు, భాష పలకడానికి పనికొచ్చే అవయవం. కాబట్టి మెటానమీ. “ఇది శరీరభాగమా” అని అడగకూడదు, “ఉద్దేశించిన దాంట్లో ఇది భాగమా” అని అడగాలి. నువ్వు ఈ ఒక్క ప్రశ్న గుర్తుపెట్టుకుంటే ఇంక ఈ జంట దగ్గర తడబడవు. అయితే సరిహద్దులో ఉండే వాక్యాలూ ఉంటాయి. సినెక్డకీ అనేది మెటానమీలో ఒక రకమే అనేవాళ్లు కూడా ఉన్నారు. అలాంటిచోట సంబంధం ఏమిటో ఒక వాక్యంలో రాసేయి.

వ్యతిరేకపదాలు కనిపించే వాక్యాల్లో ఇంకో తికమక ఉంది. నువ్వు అడగలేదు గానీ మీ పేపర్లో తప్పక వస్తుంది. ‘ఓపెన్ సీక్రెట్’ని మన పత్రికలు బహిరంగ రహస్యం అంటాయి. ఒకదానికొకటి పొసగని రెండు మాటల్ని పక్కపక్కనే అతికిస్తే ఆక్సీమోరాన్. ఆ పేరే గ్రీకులో పదును, తెలివితక్కువ అనే అర్థాలున్న రెండు మాటలు కలిసి పుట్టింది, అంటే తన పేరే తనకి ఉదాహరణ! నేనైతే దాన్ని అలాగే గుర్తుపెట్టుకున్నాను. అదే వైరుధ్యం వాక్యం మొత్తంలో పరుచుకుని, ఆలోచిస్తే నిజమనిపిస్తే పారడాక్స్. ‘లెస్ ఈజ్ మోర్’ అలాంటిది. వైరుధ్యమే లేకుండా, ఎదురెదురు విషయాల్ని తక్కెడలో పెట్టినట్టు సమానంగా నిలబెడితే యాంటిథెసిస్. 1969లో చంద్రుడి మీద కాలు పెట్టినప్పుడు నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అన్న మాటలో ఒకవైపు చిన్న అడుగు, ఇంకోవైపు పెద్ద గెంతు. ఒకవైపు మనిషి, ఇంకోవైపు మానవాళి. ఏదీ ఇంకోదాన్ని కాదనడం లేదు.

అతిశయోక్తి గురించి చెప్పేదేముంది, కాళ్లరిగేలా తిరిగామని రోజూ అంటూనే ఉంటాం. దాన్ని హైపర్బలీ అని పలకాలి, స్పెల్లింగ్ చూసి హైపర్‌బోల్ అనకు. దానికి ఎదురుగా ఉండేది లైటోటీస్. ‘హి ఈజ్ నో ఫూల్’, అంటే వాడేం తెలివితక్కువవాడు కాదు. కాదు అంటూనే గట్టిగా అవునని చెప్పడం. ‘ద డోర్ ఈజ్ నాట్ ఓపెన్’లో కూడా ‘నాట్’ ఉంది కదా అని అక్కడ లైటోటీస్ రాయకు. తలుపు మూసి ఉంది, అంతే సంగతి. యూఫమిజం మన ‘కాలం చేశారు’ లాంటిది, కఠినమైన మాటని మెత్తగా చెప్పడం. ‘ఎ స్లీప్‌లెస్ నైట్’ వస్తే నిద్రలేనిది రాత్రికి కాదు మనిషికి అని గమనించు. మనిషికి చెందాల్సిన విశేషణం పక్కదానికి జరిగింది కాబట్టి ట్రాన్స్‌ఫర్డ్ ఎపిథెట్.

బొమ్మ పద్ధతికి చిక్కనివి కొన్ని ఉంటాయి. బొమ్మ చక్కగా వస్తుంది, అయినా వాక్యంలో ఏదో ఉందని తెలుస్తూ ఉంటుంది. అప్పుడు పైకి చదువు. మనవాళ్లు అర్థాలంకారాలు, శబ్దాలంకారాలు అని రెండుగా విడదీసింది ఇందుకే. ఈ రెండోవాటిని చెవితో పట్టాలి.

అలిటరేషన్ అంటే దగ్గరదగ్గరి మాటలు ఒకే ధ్వనితో మొదలవడం, మన అనుప్రాసకి దగ్గరది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఇక్కడ నిలువునా మోసం చేస్తుంది. అందుకే నా విద్యార్థులకి ఒక చిట్కా చెప్తాను: వాక్యాన్ని తెలుగు లిపిలో రాసి చూడండి అని. ‘నో’, ‘నైఫ్’, ‘నాలెడ్జ్’ అని మన లిపిలో రాస్తే మూడింట్లోనూ ‘న’ కళ్లకి కడుతుంది. ఇంగ్లిష్‌లో ‘నైఫ్’, ‘నాలెడ్జ్’ కె అక్షరంతో మొదలవుతాయి, ‘నో’ ఏ నో అన్నదాన్ని బట్టి మారుతుంది. దీనికి తలకిందులుగా ‘సిటీ’, ‘క్యాట్’ రెండూ అక్కడ సి అక్షరంతోనే మొదలవుతాయి. మన లిపిలో ఒకటి ‘స’, ఇంకొకటి ‘క’. అలిటరేషన్ ధ్వనికి సంబంధించింది, అక్షరానికి కాదు. మన లిపి చాలావరకు పలికినట్టే రాసేది కాబట్టి దాన్ని ఇట్టే పట్టిస్తుంది. ఇక ఆనొమాటోపియా అంటే చప్పుడుని అనుకరించే బజ్, హిస్, స్ప్లాష్ లాంటి మాటలు. గలగల, చిటపట, జలజల అనే భాషలో పెరిగినదానివి, నీకు దాన్ని ఎవరూ నేర్పక్కర్లేదు.

బొమ్మకీ చెవికీ రెండింటికీ అందనిది ఐరనీ. కుండపోత వానలో తడిసి ముద్దయినవాడు ‘వాట్ ఎ లవ్‌లీ డే’ అన్నాడనుకో. వాక్యం ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. ఎవరు, ఎప్పుడు, ఏ పరిస్థితిలో అన్నారో చూడాలి. ‘ఘనకార్యమే చేశావ్’ అని ఇంట్లో అన్నప్పుడు అది పొగడ్తో తిట్టో నీకెలా తెలుస్తుంది? అలాగే. పరీక్షలో ఐరనీ అడిగితే చుట్టూ ఒకట్రెండు వాక్యాలు తప్పకుండా ఇస్తారు. వాటిని వదలకుండా చదువు.

ఒకే వాక్యంలో రెండు మూడు ఉంటే ఏది రాయాలని నీకు రేపు సందేహం వస్తుంది. ‘ఓ స్లీప్, కమ్ అండ్ సిట్ బిసైడ్ మీ.’ నిద్రని పిలుస్తున్నారు, ఎదురుగా లేనిదాన్ని ఉన్నట్టు పలకరిస్తున్నారు, కాబట్టి అపాస్ట్రఫీ. నిద్ర వచ్చి కూర్చుంటుంది, కాబట్టి పర్సానిఫికేషన్. ఒక్కటే రాయమంటే వాక్యం దేని మీద నిలబడిందో చూడు. ‘ఓ’ అన్న ఆ పిలుపు తీసేస్తే ఇది వేరే వాక్యం అయిపోతుంది, కనుక ఇక్కడ అపాస్ట్రఫీ. రెండు రాయడానికి చోటుంటే రెండూ రాయి.

ఇంకో నెల టైముంది కాబట్టి నిర్వచనాల కాగితం వారం రోజులు మూసిపెట్టు. రోజూ మీ పాఠ్యపుస్తకంలో ఏదో ఒక పేజీ తీసి, బొమ్మ ఆగిపోయిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టు. పక్కన మామూలు మాటల్లో ఆ వాక్యం ఎలా ఉండేదో తెలుగులో రాసుకో. పేరు రాయకు. వారం తర్వాత నిర్వచనాలు తెరిచి ఆ గీతలకి పేర్లు పెట్టుకుంటూ వెళ్లు. కలిసిపోయాయని భయపడుతున్న నిర్వచనాలు అప్పుడు వేటికవి విడిపోతాయి, ఎందుకంటే ఒక్కోదానికీ నువ్వు పట్టిన ఒక వాక్యం తోడుంటుంది.

మొదలుపెట్టడానికి మూడు వాక్యాలు ఇస్తున్నాను. ‘ద ఓల్డ్ క్లాక్ కాఫ్డ్ అండ్ స్టాప్డ్.’ ‘ది ఎంటైర్ హాల్ స్టుడ్ అప్ అండ్ క్లాప్డ్.’ ‘హి రన్స్ యాజ్ ఫాస్ట్ యాజ్ హిజ్ బ్రదర్.’ ఒక్కోదానికీ నీ బొమ్మ ఎక్కడ ఆగిందో, అసలు ఆగిందో లేదో, ఆగితే ఎందుకు ఆగిందో రాసి పంపు. పేరు తప్పు రాసినా ఫర్వాలేదు, కారణం మాత్రం వదలకుండా రాయి. చూసి మళ్లీ జవాబిస్తాను.